‘మిషన్ బాగానే ఉంది మేడమ్’

నాకు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, అని తేలడానికి ముందు చాలాకాలం బీపీ మాత్రలు మార్చి మార్చి మింగాను. పొద్దున లేస్తే తలనొప్పి, రాత్రి పదే పదే బాత్రూము, మధ్యాహ్నం క్లాసులో పిల్లలు నోట్సు రాసుకుంటుంటే కుర్చీలోనే కునుకు. చీరాలలో చూపించుకున్న డాక్టరు గారు "ఈ వయసులో ఆడవాళ్ళకి మామూలేనమ్మా" అని ఐరన్, కాల్షియం రాసి పంపేవారు. గురక ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు. అదే మగవాడు వెళ్ళి ఇవే బాధలు చెప్పుకుంటే ముందు ఆ ప్రశ్నే వేస్తారు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళలోనూ ఈ జబ్బు ఎక్కువవుతుందని మరి ఆయనకి తెలియదా? మా ఆయన్ని అడిగితే "గురకేం కాదులే, కాస్త గట్టిగా ఊపిరి తీస్తావు" అన్నారు. ఎన్నేళ్ళుగా ఆ మాటతో నా పరువు కాపాడుతున్నారో పాపం.

గుంటూరులో నిద్ర పరీక్ష చేశారు. గంటకి 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందట. 5 లోపుంటే ఫరవాలేదు, 30 దాటితే తీవ్రం. సీప్యాప్ మిషన్ రాశారు. నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోకుండా ముక్కులోకి ఒత్తిడితో గాలి పంపుతుంది, అంతే దాని పని. 1980లో సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే డాక్టరు మొదటిసారి ఇది తయారు చేసినప్పుడు వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడారని మా అమ్మాయి చెప్పింది. ఇప్పటివాటికి ఆ రొద లేదు. మా ఇంట్లో మోగిందంతా మాస్కే.

డీలరు పంపిన కుర్రాడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాస్కు తగిలించి, ఫొటో తీసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఒకసారి పడుకుని చూడమని అనలేదు. పడుకుంటే ముఖం వాలుతుంది, చెంపలు జారుతాయి, ఒత్తిడి పెరిగాక మాస్కు పైకి లేస్తుంది. గాలంతా కళ్ళలోకి కొట్టేది. పట్టీలు బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడింది, సుయ్యిమనే చప్పుడు ఇంకా ఎక్కువైంది. ఫోన్ చేస్తే ఒకటే జవాబు: "మిషన్ బాగానే ఉంది మేడమ్. మీకే ఇంకా అలవాటు కాలేదు." ఆ మాట విని విని, లోపం నాలోనే ఉందేమోనని నిజంగానే కుంగిపోయాను.

2023 డిసెంబరు 4 రాత్రి. మర్నాడు మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందంటున్నారు. గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి. ఎలాగో నిద్ర పట్టింది. ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. గాలి రావడం లేదు. నేను వదిలిన ఊపిరే వెచ్చగా తిరిగి ముక్కులోకి వస్తోంది. మాస్కు లాగబోతే పట్టీ కొక్కెంలో జుట్టు చిక్కుకుంది. నోరు తెరిస్తే చాలు కదా అని తర్వాత అందరూ అన్నారు. ముఖానికి రబ్బరు కట్టుకుని చీకట్లో ఉలిక్కిపడి లేచినవాళ్ళు అలా అనరు. "ఏమండీ" అని అరిచాననుకున్నాను, గొంతు పెగల్లేదట. మంచం కోడు తన్నిన చప్పుడుకి ఆయన లేచి, ఫోన్ లైటు వేసి, చిక్కు తీయకుండానే పట్టీని తెంపేశారు. ఇంతా జరుగుతుంటే నెత్తిమీద ఫ్యాను మాత్రం హాయిగా తిరుగుతోంది! మాకు ఇన్వర్టరు ఉంది. దాని లైను ఫ్యాన్లకీ లైట్లకీ వేశారు గానీ, మంచం పక్క ప్లగ్గుకి వేయలేదు.

తెల్లారేదాకా వాలుకుర్చీలోనే ఉన్నాను. కళ్ళు మూస్తే ఊపిరి ఆగిపోతుందని భయం. ఆయన పక్కన పీట వేసుకుని నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. మా అత్తగారు తన గదిలోంచి ఆంజనేయ దండకం గట్టిగా చదువుతూనే ఉన్నారు.

లైన్లు కలిశాక డీలరుకి ఫోన్ చేశాను. "కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది కదా మేడమ్" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు నాకింకా చెవుల్లో ఉంది. అమ్మేటప్పుడు ఇన్వర్టరు ఉందా, ఏ లైనుకి పెడతారు అని ఒక్క మాట అడిగి ఉంటే వాడి సొమ్మేం పోయేది?

ఎలక్ట్రీషియన్ వచ్చి ఇన్వర్టరు లైను ఆ ప్లగ్గుకి లాగాడు. మాది సైన్ వేవ్ ఇన్వర్టరే కాబట్టి ఇబ్బంది లేదన్నాడు. కరెంటు పోయినప్పుడు నీళ్ళు వేడిచేసే హ్యుమిడిఫయర్ ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. ఇదంతా ఆ అబ్బాయి చెప్పాడు, మిషన్ అమ్మినవాడు కాదు.

మాస్కు సంగతి తేల్చింది గుంటూరు ఆసుపత్రి నిద్ర ల్యాబులో ఉండే అమ్మాయి. వెళ్ళగానే మిషన్ పెట్టి, నన్ను పడుకోబెట్టి, టార్చితో ముఖం చుట్టూ చూసింది. "ఆంటీ, ఇది మీడియం సైజు. మీకు స్మాల్ కావాలి." తర్వాత మెల్లిగా, "ముక్కుపుడక ఒకసారి తీస్తారా?" అంది. ఏడు రాళ్ళ పుడక, పెళ్ళిలో పెట్టింది. అది సరిగ్గా మాస్కు అంచు కిందకి వస్తోంది. లీకు నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువని మా మిషన్ లెక్క. నాది ప్రతి రాత్రీ దాటేది. పుడక తీసి, చిన్న మాస్కు పెట్టి, వెనకాల జుట్టు ముడిని నడినెత్తికి జరిపేసరికి చప్పుడు ఆగిపోయింది. గాలి ఒత్తిడి 4 దగ్గర మొదలవుతుంటే చాలక ఉక్కిరిబిక్కిరి అవుతున్నానని చెబితే, డాక్టరుగారిని అడిగి 6కి మార్పించింది. చల్లటి రాత్రుల్లో గొట్టంలో నీళ్ళు చేరి గుడగుడలాడితే మిషన్‌ను మంచం కంటే కింద పెట్టి, గొట్టానికి గుడ్డ చుట్టమంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

ముక్కుపుడక తీసినందుకు మా అత్తగారు ఏమంటారోనని టెన్షన్ పడ్డాను. ఆవిడ తేలిగ్గా "రాత్రిపూట ఎవరు చూడొచ్చారే, తీసి పడుకో" అన్నారు. తిరుగు ప్రయాణంలో పొన్నూరులో దిగి ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాను. గాలి విషయంలో వాయుపుత్రుడికి కాక ఇంకెవరికి మొక్కుతాం?

ఇప్పుడు గంటకి 38 కాస్తా 5 లోపుకి దిగింది. బీపీ మాత్ర ఒకటి తగ్గించారు. మాస్కు రబ్బరు రోజూ సబ్బునీళ్ళతో కడుగుతాను. పడుకోబోయేముందు ముఖానికి కొబ్బరినూనె, కోల్డ్‌క్రీము మానేశాను, రాస్తే మాస్కు జారుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మిషన్ రాస్తే, పడుకోబెట్టి మాస్కు చూపించేదాకా సంతకం పెట్టకండి.

మొన్న డీలరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "మాస్కు మార్చే టైమైంది మేడమ్, ఆర్డర్ పెట్టేయమంటారా?"

"ఏ సైజు పంపుతావు బాబూ?"

కాసేపు కంప్యూటర్ చూసుకుని చెప్పాడు. "మీ రికార్డులో మీడియం ఉంది మేడమ్."