అమ్మ గుండెలో గడ్డ: ఎకో నుంచి ఎమ్మారై దాకా

పత్తి ఏరడానికి వంగితే అమ్మకు దమ్ము వచ్చేది. లేచి కాసేపు నిలబడితే తగ్గేది. రాత్రిళ్లు ఒక పక్కకు తిరిగి పడుకుంటే చాలు, ఉలిక్కిపడి లేచి కూర్చునేది. నర్సంపేట దగ్గర మా ఊళ్లో అందరూ ఉబ్బసమే అన్నారు. ఒక డాక్టర్ మూడు నెలలు ఇన్‌హేలర్ వాడించారు గానీ ఎకో, అంటే గుండె స్కానింగ్, రాయలేదు. ఆ మూడు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

చివరికి హన్మకొండలో ఎకో తీయించాం. జెల్ రాసి ప్రోబ్ పెట్టగానే తెర మీద ఉండలాంటిది కనిపించింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది కవాటంలోకి దూరి వెనక్కి వస్తోంది. తెర మీద గుండె తలకిందులుగా ఉంటుందట, అందుకే పై గదిలోని గడ్డ కింద కనబడుతోంది. దాని కాడ గుండె నడిమి గోడకు అతుక్కుని ఉంది. మిక్సోమా కావచ్చు, అది క్యాన్సర్ కాదు అన్నారు డాక్టర్. పెద్దవాళ్లలో గుండెలోనే పుట్టే గడ్డల్లో ఎక్కువగా కనిపించేది అదేనట. కానీ రక్తం గడ్డకట్టినా ఒక్కోసారి అలాగే కనబడుతుంది. అదైతే రక్తం పలచబడే మందులతో మొదలుపెడతారు, మిక్సోమా అయితే ఆపరేషనే. ముక్క ఊడి మెదడుకు వెళ్తే పక్షవాతం వస్తుందని చెప్పగానే నాకు కాళ్లు వణికాయి.

ఆ రెంటిలో ఏదో తేల్చే కార్డియాక్ ఎమ్మారై (గుండెకు తీసే ఎమ్మారై) కోసం కాజీపేటలో తెల్లవారుజాము రైలెక్కి హైదరాబాద్ వెళ్లాం. స్కాన్‌లో స్పష్టంగా కనబడటానికి రక్తంలోకి ఎక్కించే మందును కాంట్రాస్ట్ అంటారు. అది ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూశారు. పుస్తెలతాడు, మెట్టెలు తీసి నా చేతిలో పెడుతూ అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. లోపల దాదాపు గంట. "ఊపిరి బిగపట్టండి" అన్నప్పుడల్లా ఆగాలి. దమ్ము ఉన్న మనిషికి అదే కష్టం. ముందు రోజు రాత్రి నేను అంకెలు లెక్కపెడుతుంటే మంచం మీద ప్రాక్టీస్ చేసింది, అది బాగా పనికొచ్చింది.

గడ్డకట్టిన రక్తంలో రక్తనాళాలు ఉండవు కాబట్టి కాంట్రాస్ట్ అందులోకి వెళ్లదు. అమ్మకున్న గడ్డలోకి మాత్రం అది వెళ్లింది, అంటే రక్తపు గడ్డ కాదన్నమాట. ఆ వారంలోనే ఆపరేషన్ చేశారు. బయాప్సీలో మిక్సోమా అనే వచ్చింది.

సర్జన్ రిపోర్టు చదివి ఊరుకోలేదు, ఎమ్మారై సీడీ పెట్టించుకుని కాడ ఎక్కడుందో స్వయంగా చూశారు. ఎవరికైనా ఇలాంటి పరీక్ష చేయిస్తే సీడీ అడిగి తీసుకోండి. మిక్సోమా మళ్లీ వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి ఎకో తీయించమన్నారు. మొన్న బతుకమ్మ పండక్కి ముందు తీయించాం. ఏమీ లేదు. ఈసారి అమ్మ తెరవైపే చూస్తూ పడుకుంది.