రైలొస్తోంది, కాస్త తగ్గండి

హిరోషిమా స్టేషన్‌లో రైలు వచ్చే ముందు మైకులో పదేపదే ఒకటే మాట: "ఒసగరి కుదసాయ్." పసుపు గీత మీద నిలబడ్డ నన్ను తమ్ముడు రెక్క పట్టుకుని ఇవతలికి లాగాడు. "నీకే చెప్తున్నారక్కా, వెనక్కి తగ్గమని."

'సగరు' అంటే తగ్గడమట. ధర తగ్గినా సగరు, జ్వరం తగ్గినా సగరు, మనిషి వెనక్కి జరిగినా సగరు. "అచ్చం మన 'తగ్గు' లాగే కదరా!" అన్నాను. నాలుగేళ్ల నుంచి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నవాడికి ఆ సంగతే తట్టలేదట. ఒక్క మాట దొరికితే చాలు, భాషంతా వచ్చేసినట్టే నాకు.

మియజిమా దీవికి అరగంట రైలు, పది నిమిషాలు ఫెర్రీ. రైల్లో 'హికు' నేర్పాడు. లాగడం అని. అక్షరం గీసి చూపించాడు: ఎడమ పక్క విల్లు, కుడి పక్క నిలువు గీత. బల్ల సొరుగూ 'హికిదషి', ఏటీఎంలో డబ్బు తీయడమూ 'హికిదషి'. జలుబు చేసినా దాన్ని 'లాగారు' అనే అంటారు. ఏళ్ల తరబడి గది దాటి బయటికి రానివాళ్లని 'హికికొమొరి' అంటారు, అందులోనూ ఈ హికునే.

సైన్యం వెనక్కి రావడానికి మాత్రం వేరే మాట, 'తెత్తయి'. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 ఫిబ్రవరిలో, పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవి నుంచి 10,000కు పైగా సైనికుల్ని వెనక్కి తెచ్చుకున్నప్పుడు టోక్యో ఆ మాట ఎత్తలేదు. 'తెన్‌షిన్' అని ప్రకటించింది. అంటే దిక్కు మార్చి ముందుకు సాగడమట! ఆ దీవిలో ఆకలికీ జబ్బులకీ పోయినవాళ్లే ఎక్కువ. ఆ ప్రకటన కంటే స్టేషన్ మైకు నయం, తగ్గమనాలంటే తగ్గమనే అంటుంది.

దీవిలో దిగి ఒక చిన్న హోటల్‌కి వెళ్లాం. తలుపు మీద కాగితం, అందులో మొదటి అక్షరం నా విల్లూ గీతే. ఇంకేం, లాగాను. రాలేదు. రెండు చేతులా లాగాను. లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చి తలుపుని సుతారంగా పక్కకి జరిపింది. కాగితం మీద ఉన్నది 'హికిదొ' అట, పక్కకి జరిపే తలుపు. తమ్ముడు తినేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

తర్వాత సముద్రంలోని ఎర్ర తొరియి, అంటే గుడి ద్వారం, దగ్గరికి నడిచాం. అప్పుడు 'హికిషియొ', మనం ఆటు అంటామే, అది. ఇప్పుడున్న ద్వారం 1875లో కట్టింది, ఎత్తు దాదాపు 16 మీటర్లు. స్తంభాల్ని నేలలో పాతలేదు, సొంత బరువుతోనే నిలబడి ఉన్నాయి. నమ్మబుద్ధి కాక ఒక స్తంభం చుట్టూ తిరిగి మొదలు దగ్గర వంగి చూశాను. నాచు, దానికింద తడి ఇసుక. ఎంతసేపు చూశానో తెలీదు.

మెట్ల మీద నుంచి తమ్ముడి కేక: "అక్కా, ఒసగరి కుదసాయ్!"

అప్పటికే చెప్పులు తడిశాయి.