గ్రాఫు ఆగినా పచ్చ గుర్తు వెలుగుతూనే ఉంది: థ్రెడ్ హ్యాంగ్‌తో నా అనుభవం

మేము సొంతంగా జావాలో రాసుకున్న మానిటరింగ్ టూల్ ప్రతి 30 సెకన్లకు ఒకసారి దాదాపు అరవై సర్వర్ల నుంచి సీపీయూ, మెమరీ, రిక్వెస్టుల జాప్యం వంటి కొలతలు తెచ్చి గ్రాఫులుగా చూపించేది. ఒక రాత్రి హైదరాబాద్ ఆఫీసులో నేను డ్యూటీలో ఉండగా, బిల్లింగ్ సర్వర్ బాగా నెమ్మదించిందని వరుసగా ఫోన్లు వచ్చాయి. మా తెర మీద మాత్రం ఆ సర్వర్ పేరు పక్కన పచ్చ గుర్తే ఉంది. గ్రాఫును దగ్గరగా చూస్తే చివరి చుక్క మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంది. మిగతా సర్వర్లవి కూడా అక్కడే ఆగాయి. ఏడింటివైతే అంతకు కొన్ని రోజుల ముందే ఆగిపోయాయి. చివరిగా వచ్చిన కొలత హద్దు లోపలే ఉండటంతో, కొత్తది రాకపోయినా టూల్ అంతా సవ్యంగానే ఉందని చెబుతూ వచ్చింది. కాపలాకు పెట్టుకున్నదే కళ్లు మూసుకుని, ఆ సంగతి మాకు తెలియనివ్వలేదన్నది ఆ రాత్రి నన్ను చాలా కలవరపెట్టింది.

అంతకుముందు ఇలా జరిగినప్పుడల్లా టూల్‌ను రీస్టార్ట్ చేసి వదిలేసేవాళ్లం. రెండు మూడు వారాలు బాగా నడిచేది, కానీ ఎందుకు ఆగిందో చెప్పగల ఆధారాలన్నీ ఆ రీస్టార్ట్‌తోనే పోయేవి. ఈసారి దాన్ని కదపకుండా, జావాతో వచ్చే జెస్టాక్ అనే సాధనంతో పది సెకన్ల ఎడంతో మూడు థ్రెడ్ డంపులు (ప్రోగ్రాంలో విడివిడిగా పని చేసే ఒక్కో థ్రెడ్ ఆ క్షణాన కోడ్‌లో ఎక్కడుందో చూపే జాబితాలు) తీసి పక్కపక్కన పెట్టుకుని చదివాను. థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోయే డెడ్‌లాక్ అయితే డంపు చివరలో జెస్టాక్ తానే చెబుతుంది, అలాంటిదేమీ లేదు. కొలతలు తెచ్చే పూల్‌లోని, అంటే ఆ పనికి కేటాయించిన గుంపులోని 8 థ్రెడ్లూ మూడు డంపుల్లోనూ ఒకే వరుస దగ్గర, అంటే సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్‌కు మా వైపు కొస) నుంచి చదివే, జావా బయటి కోడ్‌ను పిలిచే నేటివ్ మెథడ్ దగ్గర నిలబడి ఉన్నాయి. స్థితి మాత్రం ‘రన్నబుల్’ అని ఉంది.

ఆ ఒక్క మాట నన్ను గంటసేపు దారి తప్పించింది. రన్నబుల్ అంటే పని చేస్తున్నట్టే కదా అనుకుని, ఎక్కడో లూప్ తిరుగుతోందని కోడ్ అంతా వెతికాను. చివరికి మా టీమ్‌లోని సీనియర్ ఒకావిడకు ఫోన్ చేస్తే, “సాకెట్ దగ్గర ఎదురుచూస్తున్నా జావా రన్నబుల్ అనే రాస్తుందండీ. ఆ థ్రెడ్ సీపీయూ వాడుతోందో లేదో టాప్‌లో చూడండి” అన్నారు. ఏది ఎంత సీపీయూ వాడుతోందో చూపే లైనక్స్ కమాండే ఈ టాప్. జావా 8 డంపులో థ్రెడ్ నంబరు హెక్సాడెసిమల్‌లో (పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో) ఉంటుంది. 1932 అని ఉన్నదాన్ని దశాంశంలోకి మారిస్తే 6450 వచ్చింది. టాప్‌లో థ్రెడ్లను విడివిడిగా చూపించమని అడిగితే 6450 వాడుతున్న సీపీయూ సున్నా.

అప్పుడు నెట్‌వర్క్ కనెక్షన్ల స్థితిని చూపే ఎస్ఎస్ కమాండ్‌తో వాటిని చూశాను. నా దృష్టిలో అసలు సమాధానం దొరికింది అక్కడే. ఎనిమిది కనెక్షన్లూ ఎస్టాబ్లిష్డ్ (కలిసి ఉన్న) స్థితిలోనే ఉన్నాయి, పంపాల్సిన క్యూ సున్నా, టైమర్ ఏదీ లేదు. క్యూ సున్నా అంటే మేము పంపిన రిక్వెస్టు అవతలి కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) చేరి, అందినట్టు రసీదు కూడా వచ్చిందని అర్థం. టైమర్ లేదంటే, అవతలి వైపు ఇంకా ఉందో లేదో అప్పుడప్పుడు తట్టి చూసే కీప్‌అలైవ్ కూడా పెట్టలేదని అర్థం. అవతలి సర్వర్లలోకి వెళ్లి చూస్తే ఆ కనెక్షన్ల జాడే లేదు. వాటిలో ఒకటి 9 రోజుల క్రితమే రీబూట్ అయింది. మెమరీ చాలక బిగుసుకుపోయిన వర్చువల్ మెషిన్లను బలవంతంగా పవర్ ఆఫ్ చేసి మళ్లీ లేపేవారు. రిక్వెస్టు అందుకుని జవాబివ్వకుండానే మెషిన్ మాయమైతే, కనెక్షన్ ముగిసిందని మాకు చెప్పేవారెవరూ ఉండరు. మా వైపు నుంచి ఏదైనా పంపితే కొత్తగా లేచిన మెషిన్ ఆ కనెక్షన్ లేదని చెప్పే రీసెట్ పంపేదే, కానీ మా థ్రెడ్ ఏమీ పంపదు, చదవడానికి కూర్చుని ఉంటుంది. ఇలా ఒక్కొక్కటిగా ఏడు థ్రెడ్లు ఇరుక్కుని, చివరికి ఎనిమిదోది కూడా ఇరుక్కోవడంతో మిగతా సర్వర్ల కొలతలు తెచ్చే థ్రెడ్ ఒక్కటీ మిగల్లేదు.

దీన్ని టెస్ట్ మెషిన్లో తిరిగి రప్పించబోయి మొదట పొరపడ్డాను. లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌తో ప్యాకెట్లను డ్రాప్ చేస్తే థ్రెడ్ ఆగింది గానీ, సుమారు పదిహేను నిమిషాల తర్వాత తప్పు చూపించి తానే బయటపడింది. రిక్వెస్టే అవతలికి చేరకపోవడంతో, లైనక్స్ దాన్ని మళ్లీ మళ్లీ పంపి చివరకు విరమించుకుంది. మాకు కావాల్సింది చేరిన తర్వాతి మౌనం. అవతలి ప్రాసెస్‌ను స్టాప్ సిగ్నల్‌తో నిలిపేసరికి అచ్చం అదే స్థితి వచ్చింది: కనెక్షన్‌ను కెర్నలే పూర్తి చేస్తుంది కాబట్టి మేము పెట్టిన 5 సెకన్ల కనెక్ట్ టైమ్‌అవుట్‌కు (కనెక్షన్ కుదరడానికి ఇచ్చిన గడువుకు) అది చిక్కలేదు, ఆ తర్వాత చదవడం అంతులేకుండా సాగింది. కోడ్‌లో రీడ్ టైమ్‌అవుట్, అంటే చదవడానికి ఎదురుచూసే గడువు, పెట్టనే లేదు. జావాలో దాని డిఫాల్ట్ సున్నా, అంటే ఎంతకాలమైనా ఎదురుచూడమని.

రీడ్ టైమ్‌అవుట్ 10 సెకన్లు పెట్టడం ఒక్క వరుస పని, కానీ అంతటితో తీరలేదు. కనెక్షన్ దొరకని తప్పును పట్టుకునే మా కోడ్, చదవడంలో వచ్చే తప్పును మాత్రం పట్టుకోకుండా పైకి విసిరేసేది. పనులను నిర్ణీత వ్యవధిలో మళ్లీ మళ్లీ నడిపే జావా షెడ్యూలర్‌లో ఒక పని అలా తప్పు విసిరితే దాని తర్వాతి వంతులన్నీ రద్దవుతాయి. హ్యాంగ్ లేకపోయినా గ్రాఫు మళ్లీ ఆగింది. ఆ తప్పును కూడా అక్కడే పట్టుకుని లాగ్‌లో రాయించాను. పైగా రీడ్ టైమ్‌అవుట్ ఒక్కో చదువుకే వర్తిస్తుంది, బొట్టు బొట్టుగా జవాబిచ్చే సర్వర్‌ను అది ఆపలేదు. ఆగమని సంకేతమిచ్చి ఇంటరప్ట్ చేసినా సాకెట్ దగ్గరి థ్రెడ్ కదలదు కాబట్టి, మొత్తం 25 సెకన్లు దాటితే మరో థ్రెడ్ ఆ కనెక్షన్‌ను మూసేసే ఏర్పాటు చేశాను.

అన్నిటికన్నా పట్టుబట్టి మార్పించింది ఆ పచ్చ గుర్తును. ఇప్పుడు ప్రతి సర్వర్ పక్కనా చివరి కొలత ఎన్ని సెకన్ల క్రితం వచ్చిందో కనిపిస్తుంది, 90 సెకన్లు దాటితే గుర్తు బూడిద రంగుకు మారి అలారం మోగుతుంది. మార్పులన్నీ అయ్యాక టెస్ట్‌లో రెండు సర్వర్ల ప్రాసెస్‌లను నిలిపేసి రాత్రంతా అలాగే వదిలాను. తెల్లారి డంపు తీస్తే 8 థ్రెడ్లూ తర్వాతి పని కోసం క్యూ దగ్గర ఉన్నాయి, తెర మీద సరిగ్గా రెండు గుర్తులు బూడిద రంగులో ఉన్నాయి.