పంపు మార్చినా ఆగిన బండి

నాది 2004 మోడల్ చిన్న పెట్రోల్ కారు. ఈ ఏప్రిల్‌లో రెండుసార్లు ఉన్నట్టుండి ఆగిపోయింది. పెట్రోల్ సరిగ్గా అందడం లేదేమోనని పంపు, ఫిల్టరు మార్పించాం. మూడు వేల రెండొందలు వదిలాయి. స్కానర్ పెడితే లోపం చెప్పే కోడ్ ఏదీ రాలేదు. షెడ్డుకు తీసుకెళ్లినప్పుడల్లా అసలే పాపం ఎరగనట్టు నడిచేది.

మూడోసారి హనుమాన్ జంక్షన్ దాటాక ఆగింది, వెనక లారీ ఉండగా. దగ్గలేదు, కుదుపులూ లేవు. స్విచ్ కట్టేసినట్టు చప్పుడు పోయింది. స్టీరింగ్ బరువెక్కింది. బ్రేకు రెండుసార్లు తొక్కేదాకా బాగానే ఉండి, ఆ తర్వాత రాయైపోయింది. ఉన్న ఊపుతోనే పక్కకు లాగాను. అరగంట చెట్టు కింద కూర్చుని వస్తే ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది! "అమ్మేద్దామండీ, ఇంక నా వల్ల కాదు" అంది మా ఆవిడ.

మా వీధిలో ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన బాబాయ్ ఒకాయన ఉన్నాడు. అంతా విని ఒక్కటే అడిగాడు: "ఆగినప్పుడు ఆర్‌పీఎం ముల్లు ఎక్కడుందిరా?"

ఏమో, ఇంజిన్ వేగం చూపే ఆ ముల్లు వైపు చూడనేలేదు, నేను అద్దంలో లారీని చూస్తున్నాను.

దాంతో నాలుగోసారి ఎప్పుడు ఆగుతుందా అని నేనే ఎదురుచూశాను. మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకుని ఖాళీగా ఉన్న కాలవగట్టు రోడ్డు మీద తిప్పాను. నలభై నిమిషాలకు ఆగింది. బండి ఇంకా గేర్లోనే దొర్లుతోంది, క్లచ్ మీద కాలు లేదు. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయి. ముల్లు మాత్రం సున్నా మీద ఉంది.

"పెట్రోల్ అందకపోతే ముల్లు బండితో పాటే నెమ్మదిగా దిగుతుంది. తిరిగే ఇంజిన్‌కి సున్నా చూపిస్తోందంటే, తిరుగుతున్న సంగతే కంప్యూటర్‌కి తెలియట్లేదన్నమాట. క్రాంక్ సెన్సర్ తీసి చూడు" అన్నాడు బాబాయ్. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి సిగ్నల్ పంపేది అదే. ఆ సిగ్నల్ రాకపోతే కంప్యూటర్ స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ చిమ్మించదు.

ఒకే బోల్టు. పదో నంబరు స్పానర్ చాలు. బయటికి లాగితే బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ ముక్క, మొనకు ఇనపరజను మీసాల్లా పట్టుకుని ఉంది. అది తుడిచి మల్టీమీటర్ పెడితే 560 ఓమ్‌లు, శుభ్రంగా. అప్పుడు మా అమ్మాయి హెయిర్ డ్రయర్ తెచ్చి వేడిగాలి పట్టాం. అంకెలు మెల్లగా పెరిగాయి. 600, 640, 690... ఉన్నట్టుండి అన్నీ మాయమై తెర ఎడమ పక్కన 1 ఒక్కటే మిగిలింది. కరెంటుకి దారి లేదని మీటర్ చెప్పడమది. లోపలి చుట్టలో తీగ తెగి ఉంది. చల్లగా ఉంటే కొసలు అంటుకుంటాయి, వేడెక్కితే విడిపోతాయి. బల్ల మీద పెట్టి చల్లారనిస్తే మళ్లీ 560కి వచ్చింది. బాబాయ్ నవ్వి "చెట్టు కింద కూర్చున్నది నువ్వు కాదు, ఇది" అన్నాడు.

కొత్తది 850 రూపాయలు. వేసిన తర్వాత మే ఎండల్లో రాజమండ్రి వెళ్లొచ్చాం, ఎక్కడా ఆగలేదు. తీసేసిన పాత పంపు ఇంకా డిక్కీలోనే ఉంది. మొన్న బ్యాటరీకి కలిపి చూశాను. నిక్షేపంలా తిరుగుతోంది.