రెండు నిమిషాల పనులు: కూర్చున్నప్పుడు రాసుకోండి, లేవగానే చేసేయండి

పరీక్షలకు చదివేటప్పుడు వాయిదా అనగానే మనకు గుర్తొచ్చేవి ముట్టుకోని పెద్ద చాప్టర్లు. రోజును పాడుచేసేవి మాత్రం చాలాసార్లు అవి కావు. మాక్ టెస్టులో తప్పయిన ప్రశ్నను నోట్ చేసుకోకపోవడం, అప్లికేషన్‌కు కావాల్సిన ఫొటో, సంతకం స్కాన్ చేసి పెట్టుకోకపోవడం, అర్థంకాని లైను పక్కన ప్రశ్నార్థకమైనా పెట్టకుండా దాటేయడం. విడివిడిగా చూస్తే ఒక్కోటీ రెండు నిమిషాలు. "తర్వాత చూద్దాంలే" అనుకుంటూ పోతే కుప్పయి కూర్చుంటాయి, ఆ కుప్ప చూశాక పుస్తకం తెరవబుద్ధి కాదు.

చిన్న పనులు ఎప్పటికప్పుడు చేసేయమని అందరూ చెబుతారు. సలహా మంచిదే, సగమే చెబుతారు. "ఎప్పటికప్పుడు" అంటే చదువు మధ్యలో అని కాదు.

ముందు ఏది చిన్న పనో తేల్చుకోండి. లేచి వెళ్లడం, వెతకడం, తిరిగి వచ్చి కూర్చోవడం కలుపుకుని రెండు నిమిషాల్లో తేలిపోవాలి. అడ్మిట్ కార్డు ఫైలు సేవ్ చేయడం చిన్న పని. అప్లికేషన్ నింపడం కాదు. అందులో ఫొటో సైజు తగ్గించాలి, సర్టిఫికెట్ నంబర్లు వెతకాలి, పేమెంట్ ఆగిపోతే మళ్లీ మొదటికి రావాలి. దానికి గంట కేటాయించాల్సిందే, అదీ ఆఖరి తేదీకి కనీసం వారం ముందు. అయితే ఫొటో, సంతకం, సర్టిఫికెట్లు ఒకే ఫోల్డర్‌లో, ఏ ఫైలు ఏమిటో తెలిసే పేర్లతో ముందే పెట్టుకుంటే ఆ గంట సగానికి పడిపోతుంది. ఒక్కో కాగితం స్కాన్ చేసి పేరు పెట్టడం మాత్రం నిజంగా రెండు నిమిషాలే.

ఇక చదువు మధ్యలో గుర్తొచ్చేవాటి సంగతి. యాభై నిమిషాల సిట్టింగ్‌లో నాలుగైదు గుర్తొస్తాయి, కష్టమైన టాపిక్ అయితే ఇంకా ఎక్కువ. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళితే ధ్యాసలో కొంత మొదటిదాని దగ్గరే ఉండిపోతుంది. మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధన దీని గురించే. ఇలా వెనకే ఉండిపోయే ధ్యాసకు ఆమె పెట్టిన పేరు అటెన్షన్ రెసిడ్యూ. అంటే రెండు నిమిషాల పనికి మీరు చెల్లించేది రెండు నిమిషాలే కాదు, తిరిగొచ్చాక ఆ పేరా మళ్లీ మొదటినుంచి చదవడం కూడా.

అందుకే పుస్తకం పక్కన ఒక చీటీ ఉండాలి. ఫోన్‌లో నోట్స్ యాప్ వద్దు, కాగితమే. గుర్తొచ్చింది ఒక్క లైనులో రాసి వెంటనే చదువులోకి వచ్చేయండి. రాయడంలో చిన్న కిటుకు ఉంది: "మ్యాథ్స్ డౌట్" అని రాస్తే అది బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. "వడ్డీ లెక్క 14, మూడో స్టెప్, బ్రేక్‌లో సొల్యూషన్ చూడాలి" అని రాస్తే వదిలిపోతుంది. పూర్తికాని పని మనసును లాగుతూ ఉంటుందని, ఎప్పుడు ఎలా చేయాలో స్పష్టంగా అనుకున్నాక ఆ లాగుడు తగ్గుతుందని మసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రయోగాలతో చూపించారు. సిట్టింగ్ అవ్వగానే పది నిమిషాల బ్రేక్‌లో చీటీలోవి రెండో మూడో కొట్టేయండి. అన్నీ బ్రేక్‌లోనే చేసేస్తే అది బ్రేక్ కాదు.

ఫోన్ పట్టుకోవాల్సిన పనులు మాత్రం బ్రేక్‌లో వద్దు. వాటన్నిటినీ సాయంత్రం ఒక్కసారే కానివ్వండి. నోటిఫికేషన్ చూద్దామని తీసిన ఫోన్ నలభై నిమిషాల తర్వాత గానీ కిందికి దిగదని మీకు తెలియంది కాదు.

వెంటనే చేసి తీరాల్సింది ఒకటుంది, తప్పుల నోట్‌బుక్. వంద ప్రశ్నల టెస్టులో ముప్పై తప్పులొచ్చాయనుకోండి. అదే రోజు ఒక్కోదానికి నిమిషం చొప్పున అరగంటలో అయిపోతుంది, ఎందుకంటే ఆ ఆప్షన్ ఎందుకు పెట్టారో ఇంకా గుర్తుంది. వారం ఆగితే ప్రశ్న మళ్లీ చదవాలి, మళ్లీ చేయాలి. తలకు నాలుగు నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు. అంతసేపు పట్టినా అసలు విషయం, అంటే ఆ క్షణంలో ఏమనుకున్నారన్నది, దొరకదు. ప్రశ్న మొత్తం ఎక్కించక్కర్లేదు. కారణానికి ఒక గుర్తు చాలు: "తె" అంటే తెలియదు, "మ" అంటే చదివి మర్చిపోయింది, "తొ" అంటే తొందర. ఒక ఎంట్రీ ఇలా ఉంటుంది:

టెస్ట్ 7, ప్ర. 43, నిష్పత్తులు, తొ. "కానిది ఏది" అన్నది చూడలేదు.

అయిదు టెస్టులయ్యాక "తొ"లు ఎక్కువుంటే మీకు కావాల్సింది ఇంకో పుస్తకం కాదు, ప్రశ్నలో "కానిది", "తప్ప" లాంటి మాటల కింద గీత గీసే అలవాటు. "మ"లు ఎక్కువైతే రివిజన్ల మధ్య ఎడం పెరిగిపోయిందన్నమాట.

ఈ పద్ధతిలో ఒక ఉచ్చు కూడా ఉంది. చిన్న పనుల చాటున పెద్ద పని నుంచి తప్పించుకోవడం చాలా సులువు. టైమ్‌టేబుల్‌కు రంగులేయడం, నోట్స్‌కు అట్టలేయడం, గ్రూపుల్లో వచ్చిన పీడీఎఫ్‌లు దించుకోవడం. ఈ చివరిది మరీ ప్రమాదం. దించుకోవడానికి పది సెకన్లు, చదవడానికి ఆరు గంటలు. అది చిన్న పని కాదు, చిన్న సంతకంతో చేసిన అప్పు. చీటీలో ప్రతి లైనుకూ ఒకటే ప్రశ్న వేయండి: ఇది చేయకపోతే ఈ వారంలో ఏదైనా ఆగుతుందా? ఆగదంటే కొట్టేయండి. మూడు రోజులుగా చీటీ నుంచి చీటీకి ఎక్కుతున్న పని కూడా అనుమానించాల్సిందే. అది చిన్నది కాకపోయి ఉండాలి, లేదా అవసరమైనది కాకపోయి ఉండాలి. చిన్నది కాకపోతే మొదటి ముక్క మాత్రం విడగొట్టండి. "ప్రాబబిలిటీ రివిజన్" తీసేసి "పుస్తకం మూసి గుర్తున్న ఫార్ములాలు అరపేజీలో రాయాలి" అని పెట్టండి.

రోజులో ఆఖరి సిట్టింగ్ ముగిశాక ఇంకో రెండు నిమిషాలు కుర్చీలోనే ఉండండి. మర్నాటి మొదటి పని చీటీ మీద రాసి, ఆ పేజీలో పెట్టి, పుస్తకం బల్ల మీదే వదిలేయండి. చాప్టర్ చివర కాకుండా ఏదో లెక్క సగంలో ఆపితే ఇంకా మేలు. కొత్త చాప్టర్ మొదలుపెట్టడానికి రాని ఊపు, సగం చేసిన లెక్క పూర్తి చేయడానికి వస్తుంది. చీటీ మీద ఇంతే ఉండాలి: "పేజీ 112, ఉదాహరణ 3, రెండో స్టెప్ నుంచి."