రివెరా పేరున్న గ్రంథాలయం

రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రెండేళ్లు చదివాను. రోజూ కూర్చునే గ్రంథాలయానికి తొమాస్ రివెరా పేరు ఎందుకు పెట్టారని మొదటి ఏడాదంతా ఎవరినీ అడగలేదు. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చివరికి నా తరగతిలోని అమ్మాయి చెప్పింది. ఆయన 1935లో టెక్సస్‌లోని క్రిస్టల్ సిటీలో పుట్టారు. తల్లిదండ్రులు పంటల వెంట ఊరూరా తిరిగిన మెక్సికన్ వలస కూలీలు. ఆయనా పొలాల్లో పనిచేస్తూనే చదువుకున్నారు. 1979లో మా విశ్వవిద్యాలయానికి చాన్సలర్, అంటే దాన్ని నడిపే అధిపతి అయ్యారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఆ పదవి చేపట్టిన తొలి మెక్సికన్ అమెరికన్ ఆయనే. 1984లో, యాభై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. ఎంత తక్కువ కాలం!

"మావాళ్లు ఆ కుర్చీలో కూర్చోగలరని మా అమ్మ నమ్మింది ఆయన వల్లే" అంది ఆ అమ్మాయి. సీట్లు ఇవ్వడం ఒకటి, నడిపే అధికారం ఇవ్వడం మరొకటి. ఆ తేడా నాకు అప్పుడే తెలిసింది.

స్నాతకోత్సవం రోజు వాళ్లమ్మను కలిశాను. ద్రాక్షతోటల్లో కూలి చేస్తారు. ఆమె స్పానిష్ నాకు అర్థం కాలేదు. నా చేతులు పట్టుకున్నప్పుడు మాత్రం, పాలమూరు నుంచి వలస వెళ్లి మట్టి మోసిన మా నానమ్మ అరచేతులు గుర్తొచ్చాయి.