సెలైన్‌లో నిలబడిన రోజు: ఐరన్ ఆక్సైడ్ నానో కణాలతో నా అనుభవం

పీహెచ్‌డీలో నాకిచ్చిన పని ఎమ్మారై స్కాన్‌కి కాంట్రాస్ట్‌గా, అంటే బొమ్మలో తేడాలు స్పష్టంగా కనపడేలా ఎక్కించే మందుగా పనికొచ్చే ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు తయారుచెయ్యడం. ఇప్పుడు ఎక్కువగా వాడేవి గాడోలినియం ఇంజెక్షన్లు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు వాటిలో కొన్ని పాత రకాల వల్ల చర్మం గట్టిపడిపోయే జబ్బు వస్తోందని 2006లో బయటపడింది. ఇంట్లో డయాలసిస్ మనిషిని చూసుకున్నదాన్ని కాబట్టి ఈ టాపిక్ మీద నాకు మొదటినుంచీ పట్టుదల. ఐరన్ అయితే చివరికి ఒంట్లో ఉన్న ఐరన్‌లోనే కలిసిపోతుంది.

తయారీ కాగితం మీద చిన్నదే. ఫెర్రిక్ క్లోరైడ్ రెండు పాళ్లు, ఫెర్రస్ క్లోరైడ్ ఒక పాలు, కణాలకి పూతగా ఉండే డెక్స్‌ట్రాన్ (చక్కెర అణువుల పొడవాటి గొలుసు) నీళ్లలో కలిపి ఐస్‌లో పెట్టి, నైట్రోజన్ పంపిస్తూ అమ్మోనియా చుక్కచుక్కగా వెయ్యాలి. గాలి తగిలితే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అయిపోతుంది, మనకు కావలసిన మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్) రాదు. నారింజ రంగు నీళ్లు ఆకుపచ్చ కలిసిన నలుపుకి తిరుగుతాయి. 80 డిగ్రీల దాకా వేడిచేస్తే కాటుకలా చిక్కటి నలుపు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరించేది.

అసలు కష్టం తర్వాత మొదలైంది. నీళ్లలో చక్కగా తేలుతున్న కణాలు సెలైన్‌లో వెయ్యగానే గడ్డకట్టి అడుక్కి దిగేవి. ల్యాబ్‌లో సీనియర్ అక్క సీసా లైటుకి పెట్టి చూసి, “నీళ్లలో కాదమ్మా, ఉప్పులో నిలబెట్టి చూపించు. రక్తంలో ఉప్పుంటుంది కదా” అంది. మామూలు డెక్స్‌ట్రాన్ కణాన్ని గట్టిగా పట్టుకోదు, పలుచన చేస్తే జారిపోతుంది. ఎపిక్లోరోహైడ్రిన్ అనే రసాయనంతో ఆ గొలుసుల్ని ముడివెయ్యచ్చు గానీ అది విషం, ఆనవాలు లేకుండా కడగాలి. అందుకే కార్బాక్సీమిథైల్ డెక్స్‌ట్రాన్‌కి మారాం. దాని కార్బాక్సిల్ గుంపులు ఐరన్‌ని నేరుగా పట్టుకుంటాయి. సీసా రాత్రంతా సెలైన్‌లో ఉంచినా అడుగున మడ్డి లేదు. ఆ పొద్దున అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

కడగడం ఓపిక పని. కణాలకి అంటుకోకుండా మిగిలిపోయిన డెక్స్‌ట్రాన్ బయటికి పోవాలి, కణాలు లోపలే ఉండాలి. దానికి తగ్గ రంధ్రాలున్న డయాలసిస్ బ్యాగ్ ఎంచుకుని, పొద్దునా సాయంత్రం నీళ్లు మార్చాలి, ఆదివారమైనా సరే.

స్కాన్ మాత్రం రాత్రిపూట, పేషెంట్లు అయిపోయాక. ఐరన్ కొద్దికొద్దిగా పెంచుతూ అగార్ అనే జెల్లీలో కలిపిన ట్యూబులు వరసగా పెట్టాం. గాలిబుడగ ఉంటే అదీ నల్లగానే కనిపిస్తుంది, అందుకే ఒక్కో ట్యూబ్ తట్టి చూసి పెట్టాను. టీ2 బొమ్మలో (ఇలాంటి ఐరన్ కణాలున్నచోట నల్లబడే రకం ఎమ్మారై బొమ్మ) మొదటి ట్యూబ్ తెల్లగా, తర్వాతవి బూడిద రంగులో, చివరిది పూర్తిగా నల్లగా వచ్చాయి. ఐరన్ పెరిగేకొద్దీ సిగ్నల్ ఎంత వేగంగా తగ్గుతోందో వేసిన గ్రాఫ్ తిన్నగా గీత గీసినట్టుంది.

ఇలాంటి మందులు ఇదివరకే వచ్చాయి. డెక్స్‌ట్రాన్ పూతతో ఫెరుమాక్సైడ్స్‌కి అమెరికాలో 1996లో అనుమతి దొరికింది. లివర్‌లోని రక్షణ కణాలు దాన్ని మింగడంతో లివర్ నల్లబడి, ఆ కణాలు లేని గడ్డ తెల్లగా బయటపడేది. తర్వాత దాని తయారీ ఆగిపోయింది. 2009లో కిడ్నీ రోగుల రక్తహీనతకి వచ్చిన ఫెరుమాక్సిటాల్‌ని డాక్టర్లు స్కాన్లకూ వాడుతున్నారు. దానిమీద కూడా 2015లో తీవ్రమైన అలర్జీ గురించి పెద్ద హెచ్చరిక చేర్చారు. అందుకే గ్రాఫ్ బాగా వచ్చిందని మా గైడ్ సంతోషించినా, పేపర్ రాయమనలేదు. ముందు మనిషి సీరంలో (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) కలిపి, ఈ పూతకి ఏ ప్రోటీన్లు అంటుకుంటున్నాయో చూడమన్నారు. ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను.